ఎక్కని సాఫ్ట్‌వేర్

"మా అంగడి మిషన్‌లోకి ఎవరో చొరబడతా ఉండారు మేడం. కొత్తదాన్ని ఎక్కనీడం లేదు."

రాబర్ట్‌సన్‌పేట బజారులోని మేడగదిలో, డిటెక్టివ్ చంద్రిక ఎదుట కూర్చుని చెప్పాడు చందన్. కిరాణా వర్తకుడు నాగేంద్రప్ప కొడుకతను. సరుకు మీది గీతలు చదివి ధర చూపే చేతిమిషన్లకు కొత్త సాఫ్ట్‌వేర్ రాశాడు. ముళబాగిలులో తను చూసుకునే రెండో అంగడిలో అది చక్కగా ఎక్కింది. ఇక్కడ మాత్రం ల్యాప్‌టాప్ నుంచి పంపిన ప్రతిసారీ మిషన్ 'సర్టిఫికెట్ చెల్లదు' అంటోంది. కేబుల్ మార్చాడు, సాఫ్ట్‌వేర్ అసలుదేనని మిషన్‌కు చెప్పే ఆ సర్టిఫికెట్‌ను మళ్లీ చేశాడు. లాభం లేకపోయింది.

"పనివాడు మునేష్ మింద అనుమానం. రేపు పోలీసులకు చెప్తాను."

"ఈ పొద్దుకు ఆగండి," అంది చంద్రిక.

చందన్ దారి చూపగా, సహాయకుడు శశికుమార్ ఆమె వెంట బయల్దేరాడు. ఆమె చూసిందల్లా అతనూ చూస్తాడు. ఆమెకు కనిపించేది మాత్రం అతనికి ఎప్పుడూ కనిపించదు.

అంగడిలో గిరాకీ పలచగా ఉంది. గల్లా దగ్గర నాగేంద్రప్ప పలకరింపు లేకుండా కూర్చున్నాడు. మునేష్ పప్పు పొట్లాన్ని మిషన్‌కు చూపించాడు.

"కందిపప్పు, కిలో," అంది మిషన్‌లోంచి ఒక ఆడగొంతు.

"ఎవరిదప్పా ఆ గొంతు?" అడిగింది చంద్రిక.

"విశాలమ్మది మేడం, పెద్దాయప్ప భార్య," అంటూ మునేష్ గల్లా వైపు చూపించాడు. " ఆయన కంటి ఆపరేషన్‌కు ముందు ఆయమ్మే అన్ని పేర్లూ చెప్పి పెట్టింది. ఇప్పుడు ఆయమ్మ లేదు."

"బిల్లు కూడా దీంట్లోనే వస్తాదా?"

"లేదు, చేత్తో రాస్తాము. ఇది ధర చూసేదానికే."

"అంగడి మూసినాక ఇది యాడ ఉంటాది?"

"పెద్దాయప్ప ఇంటికి ఎత్తుకుపోతాడు."

చంద్రిక మిషన్ తెర మూలకు చూసింది. శశికుమారూ చూశాడు. పోయిన ఏడాది తేదీ ఉంది. బ్యాటరీ పాడైందేమో అనుకున్నాడు.

ఆమె చందన్ వైపు తిరిగింది. "కొత్తదాంట్లో గొంతు ఉండాదా?"

"లేదు మేడం. ఇంగ ఎవరికి కావాల? పెద్దక్షరాలు పెట్టినాను."

మధ్యాహ్నం షట్టర్ సగం దింపించి, ఆమె అందరినీ కూర్చోబెట్టింది.

"చందన్, మీ సర్టిఫికెట్ ఈ నెలలో పుట్టింది. మిషన్ ఇంకా పోయిన ఏడాదిలోనే ఉండాది. పుట్టనిదాన్ని అది ఎట్ల నమ్మతాది? ఎవరూ చొరబడలేదు, తేదీ వెనక్కి తిప్పినారు. మునేష్‌కు దాంతో పనిలేదు. సాఫ్ట్‌వేర్ మారితే ఈ గొంతు పోతాది, ఆ నష్టం ఒక్కరికే. ధర చూసే మిషన్‌తో ఇంట్లో ఏం పని నాగేంద్రప్పగారూ?"

ఆయన మిషన్‌ను దగ్గరకు లాక్కున్నాడు.

"తేదీ తప్పుంటే కొత్తది ఏదీ ఎక్కదని రిపేరోడు ఒకసారి చెప్పినాడు. నేనే తిప్పినాను. పప్పు పొట్లమొకటి దిండు కాడ పెట్టుకుని, రాత్రిపూట మిషన్‌కు చూపిస్తా ఉంటాను. ఇంట్లో నాతో మాట్లాడేది అదొక్కటే ఉండాది."

"నాతో చెప్పుంటే సరిపోయేది గదా నాయనా," అన్నాడు చందన్.

"నువ్వు వచ్చేసరికి నేను నిద్రపోయినాననుకుంటావు గదప్పా."

చందన్ లేచి మునేష్ చెయ్యి పట్టుకుని తప్పయిందన్నాడు. తర్వాత మిషన్‌ను ల్యాప్‌టాప్‌కు తగిలించి, గొంతులన్నీ ఒక్కొక్కటిగా దింపసాగాడు. ఏ సరుకుకూ చెందని ఫైలొకటి చివర్లో ఉంది. నొక్కాడు.

"ఇంగ చాలు లేండి. సంగటి చల్లారిపోతా ఉండాది," అంది విశాలమ్మ గొంతు.

నాగేంద్రప్ప భోజనానికి పిలిచినట్టే అలవాటుగా లేచి గడప దాకా నడిచాడు. అక్కడ ఆగిపోయాడు. చందన్ ల్యాప్‌టాప్ మూసి, వెళ్లి ఆయన పక్కన నిలబడ్డాడు.