రోహిణి కార్తెలో గాలిరెక్క

రోహిణి కార్తె మిట్టమధ్యాహ్నం కోటేశ్వరి తన గాలిరెక్కను రెంటచింతల మజిలీలో దించేసరికి ఊరంతా చాపలతో, నులక మంచాలతో సిద్ధంగా ఉంది. టిక్కెట్టు కొన్న నరపురుగు మాత్రం ఒక్కటీ లేదు. ఎక్కేవాళ్లు లేని మజిలీలను ఎత్తేసే పరిశీలకుడు ఇందుశేఖర్ ఆ రోజు ఆమె పక్క సీట్లోనే కూర్చుని వచ్చాడు. ఇదేమో ఆమె పుట్టిన ఊరాయె!

గాలిరెక్కకు ఇంజను మోత లేదు. వాయుకుండలో కుక్కిన గాలి రెక్కల లోపలి గొట్టాల్లోంచి దూసుకెళ్లి కొసల్లో బయటపడుతుంది. ఆ తోపుకే రెక్కలు గిర్రున తిరిగి బండిని పైకి లేపుతాయి. కుక్కిన గాలి వదులైతే చల్లబడుతుందని దాన్ని తయారుచేసినవాళ్లకు తెలుసు. దాని కింద జనం చాపలు పరుచుకుంటారని మాత్రం వాళ్లకు తట్టలేదు. ఈ ఏడు వడదెబ్బకు ఊళ్లో ఒక్క ముసలి ప్రాణమూ పోలేదు.

"ఏమిటీ జాతర?" అంటూ ఇందుశేఖర్ కిందికి దిగాడు.

"ఎండలో ఏం నిలబడతావయ్యా, ఇటొచ్చి కూర్చో," అని కోటేశ్వరి అమ్మమ్మ నాసరమ్మ చాప మీద చోటిచ్చి, మజ్జిగ గ్లాసు చేతికిచ్చింది.

చల్లగాలి తగలగానే పెద్దమనిషి బూట్లు విప్పేశాడు. కోటేశ్వరి రెక్కలు ఆపబోతే, "ఇంకాసేపు తిప్పమ్మా," అన్నాడు. ఆ ఇంకాసేపు కాస్తా కుండ ఖాళీ అయ్యేదాకా సాగింది. రెక్కలు వాటంతటవే ఆగిపోయాయి.

"ఎంత నిర్లక్ష్యం! మాచర్లలో నాకు సమావేశముంది. ఎవరమ్మా గాలంతా తగలేసింది?"

"మీరేనండీ," అంది కోటేశ్వరి, భయంలోనూ నవ్వాగక.

నాసరమ్మ లేచి కేకేసింది. "ఒరేయ్, ఇళ్లల్లో గాలిబుంగలు పట్టుకు రాండ్రా! మన పిల్ల బండి నిలబడిపోయింది."

మోటారుకీ పిండిమరకీ ఇంటింటా నింపుకునే చిన్న బుంగలను నెత్తిన పెట్టుకుని ఆడామగా ఉరికొచ్చారు. ఎడమొహం పెడమొహంగా తిరిగే వియ్యపురాళ్లిద్దరూ ఒకే బుంగను చెరోవైపు పట్టుకొచ్చారు. కుండ నిండింది. సంతోషం పట్టలేక కోటేశ్వరికి కళ్లనీళ్లొచ్చాయి.

ఇందుశేఖర్ బూట్లు తొడుక్కుంటూ అడిగాడు. "మామ్మా, ఈ గాలికి ఎంతిమ్మంటావు?"

"చాల్లే, గాలి అమ్ముకుంటామా ఏంది? చేబదులిచ్చాం. రేపు తెచ్చియ్యి."

"అంతా రేపేనా?"

"నీకెందుకయ్యా ఆ తొందర? రోజూ ఈ వేళకొచ్చి, కాస్త కాస్త తీర్చుకో."

చాపల మీద నవ్వులు పేలాయి. ఇందుశేఖర్ వచ్చి సీట్లో కూర్చుని గొంతు సవరించుకున్నాడు.

"రేపు కుండ నిండుగా నింపుకురా కోటేశ్వరీ. బాకీ తీరేదాకా ఈ మజిలీ ఎత్తేసేది లేదు. బాకీ ఎగ్గొట్టడం మా ఇంటా వంటా లేదు."