తోడికోడలి పవర్ బ్యాంకు

మా తోడికోడలికి అన్నీ కలిసొస్తాయి. కొండల్లో వారం పాటు నడుద్దామని ఇద్దరం బయల్దేరితే, నా సంచికి కట్టుకున్న సోలార్ ప్యానెల్ మబ్బుల పుణ్యమా అని ఉత్త బరువైపోయింది. నా ఫోను రెండోరోజే కళ్ళు తేలేసింది. ఆవిడ ఫోను మాత్రం నిండు చార్జితో కళకళలాడుతూ ఉండేది.

"చలికి చార్జి దిగిపోతుందక్కా. రాత్రిళ్ళు పవర్ బ్యాంకుని పక్కలో పెట్టుకుని పడుకోవాలి" అనేది. నాకంటే చిన్నది, నాకే పాఠాలు! నేనూ నా పవర్ బ్యాంకుని అలాగే పెట్టుకుని పడుకున్నా. డొక్కలో నొప్పి తప్ప ఒరిగిందేమీ లేదు.

అదైనా పోనీలే అనుకుందును. ఇంటి దగ్గర నా అయిదేళ్ళ కూతురు రోజూ సాయంత్రం ఆవిడ ఫోనుకే చేసేది. "పిన్నీ, కథ చెప్పవూ!" నేను లాక్కుని "అమ్మనే" అంటే, "పిన్నికియ్యి" అనేది. నా కడుపున పుట్టిన పిల్ల! ఒళ్ళు మండిపోయేది. ఆవిడకి పిల్లల్లేరన్న జాలి కూడా ఆ మంటలోనే పోయింది. పైగా పిల్ల గొంతు రోజురోజుకీ నీరసపడుతోంది. నా మీద బెంగేమోనని కాస్త సంబరపడ్డాను కూడా.

ఆ రోజు మధ్యాహ్నానికే పొగమంచు కమ్మి చీకటైపోయింది. దారి పక్కన రేకుల గదిలో ఆగాం. తడిసిన ఉన్ని వాసన, తుప్పు వాసన. ఎక్కడో నీటిబొట్టు... టప్... టప్... ఆవిడ సీసాలు పట్టుకుని వాగుకి వెళ్ళింది.

ఇవాళ నా ఫోన్లోంచి నేనే చేస్తాను, నా కూతురితో నేనే మాట్లాడతాను అనుకున్నాను. ఆవిడ పక్కబట్టల్లో చెయ్యి పెట్టాను. పవర్ బ్యాంకు జ్వరమొచ్చిన పిల్ల నుదురులా వెచ్చగా తగిలింది. మరీ తేలిగ్గా ఉంది. వైరు గుచ్చాను. నా ఫోను వెలిగింది. చార్జి అంకె గబగబా ఎక్కసాగింది. ఇంత దాచుకుని నాకు కాస్తయినా ఇవ్వలేదు చూడు, మహాతల్లి!

ఇంటికి చేశాను. మా ఆయన ఎత్తారు.

"పాప ఏదండీ?"

"ఇప్పుడే నా ఒళ్ళో కూచుని మాట్లాడుతోంది... ఉన్నట్టుండి వాలిపోయింది. ఒళ్ళు చల్లబడిపోతోంది. లేపినా లేవట్లేదే..."

చటుక్కున లేచాను. పవర్ బ్యాంకులో ఏదో గలగలమంది. మూత ఊడదీశాను. లోపల బ్యాటరీ లేదు. ఉత్త డొల్ల. అడుగున... ఒక పాలపన్ను. మేం బయల్దేరే ముందు ఊడితే, పిన్నికి చూపిస్తానని పిల్ల పట్టుకెళ్ళిన పన్ను.

గుమ్మం దగ్గర గుసగుస.

"తీసెయ్యక్కా..."

ఆవిడ చేతిలో సీసాలు కిందపడ్డాయి. "నేను రోజూ కొంచెమే తీసుకునేదాన్ని... దాని గొంతు వినడానికి సరిపడా. ఇద్దరికి సరిపోదక్కా..."

వైరు పీకేశాను. రెండు వైపులా పీకేశాను. అది నా చేతిలోనే ఉంది, రెండు కొసలూ గాల్లో వేళ్ళాడుతూ.

ఫోనులో అంకె ఇంకా ఎక్కుతూనే ఉంది.