తొండియార్‌పేటలో ఎర్రబడిన పసుపు

ఊరి మంచినీళ్ళని ఓజోన్ వాయువుతో శుద్ధిచేసే మాధవరం స్టేషన్ తొట్టిలో ఇంజినీర్ సుందరరామమూర్తి శవం బోర్లా తేలింది. మెడ విరిగి ఉంది.

వారం తిరక్కుండా సీక్రెట్ ఏజెంట్ చెంగల్రాయుడు గాజులమ్మేవాడి వేషంలో మలారం భుజాన వేసుకుని తొండియార్‌పేటలో దిగాడు. మూర్తి అతని ప్రాణమిత్రుడు. కొళాయి చప్పుడు వింటే చాలు, ఇప్పుడు రాయుడికి వెనక ఎవరో తడిబట్టలతో నిలబడ్డట్టుంటుంది.

చీఫ్ బ్రీఫింగ్ నాలుగు ముక్కల్లో తేలిపోయింది. "విదేశీ ముఠా. గురి మన మంచినీళ్ళు. మూర్తి ఏదో కనిపెట్టాడు, చెప్పేలోపే పోయాడు. స్టేషన్‌లో మన మనిషి ఉంది. కోడ్ పేరు వీణ."

వీణ అంటే ప్రభ. సినిమా వేషాలు మానేసి, ఓజోన్ యంత్రంతో వచ్చిన విదేశీ నిపుణుడికి దుబాసీగా చేరిన అందగత్తె. ఆమె రిపోర్టు ఒకటే: మీటర్ ఫుల్. ఓజోన్ దండిగా పోతోంది. ఏ క్రిమీ బతకదు.

కొళాయి దగ్గర మునెమ్మ గాజులకేసి చూడనైనా లేదు.

"వద్దు సామీ! ఈడ నీళ్ళు చూస్తేనే దడ. మొగానికి పసుపు రుద్దుకుని కడిగితే ఎర్రగా కారతా ఉండాది. ఆ ఇంజినీరు దయ్యమై తొట్లోనే ఉండాడంట."

"ఏదీ, చూపించక్కా."

"చూడు. చూసి పరిగెత్తు!"

పసుపు చేతిని నీళ్ళలో ముంచింది. వేళ్ళ సందుల్లోంచి నెత్తుటి రంగు జారింది. రాయుడు ఒకడుగు వెనక్కి వేశాడు. మూర్తీ, నువ్వేనా?

మరుక్షణం కళ్ళముందు హారతి పళ్ళెం మెదిలింది. పసుపు నీళ్ళలో సున్నం కలిపితే వచ్చే ఎరుపది!

ఎవరో స్టేషన్‌లోకి వచ్చే ముడినీళ్ళలో సున్నం కలుపుతున్నారు. క్షారం పెరిగితే ఓజోన్ క్షణాల్లో విరిగిపోతుంది. మీటర్ చూపేది లోపలికి పోయే ఓజోన్‌నే. నీళ్ళలో ఎంత మిగిలిందో దానికేం తెలుసు? పైగా క్షారపు నీళ్ళంటే కలరా క్రిమికి పండగ. ఇక ఆ క్రిమిని వదలడమే తరువాయి!

చీఫ్‌కి ఫోన్ కొట్టి, టాక్సీలో మాధవరం చేరాడు రాయుడు. బోలు గాజులోంచి కాగితం ముక్క తీసి తొట్టిలో ముంచాడు. ఓజోన్ ఉంటే నీలం కావాలి. తెల్లగానే ఉండిపోయింది.

"మూర్తి కూడా సరిగ్గా అక్కడే నిలబడ్డారండీ."

ప్రభ. చేతిలో పిస్తోలు.

"నువ్వే తోశావా?"

"పాపం, మంచివారు. ప్రశ్నలే ఎక్కువ."

తొట్టి అవతల అంచున విదేశీయుడు ఫ్లాస్కు మూత తిప్పుతున్నాడు. అంతలో నీళ్ళ అడుగున ఏదో నీడ కదిలింది. ప్రభ ముఖం పాలిపోయింది. చూపు అటు తిరిగింది.

రాయుడు మలారం విసిరాడు. గాజులు ఆమె ముఖాన భళ్ళున పగిలాయి. పిస్తోలు పేలి గుండు పైకప్పులోకి పోయింది. అతను ఊళ్ళోకి నీళ్ళు వదిలే వాల్వు చక్రానికి వేలాడి తిప్పాడు. విదేశీయుడి ఫ్లాస్కు తొట్టిలో ఒలికింది. చక్రం చివరి చుట్టు బిగిసింది. కలరా విషం తొట్టిలోనే ఆగిపోయింది.

బయట పోలీసు విజిళ్ళు మోగాయి. నీళ్ళలో ఆ నీడ ఎవరిదో రాయుడు వంగి చూడలేదు.

మర్నాడు తొండియార్‌పేట కొళాయిలన్నీ ఎండిపోయాయి. ఖాళీ బిందె చంకన పెట్టుకుని మునెమ్మ శాపనార్థాలు పెడుతోంది.

"ఏ పాపిష్టోడో ఆడ వాల్వు కట్టేసినాడంట! దయ్యం ఉన్నన్నాళ్ళూ నీళ్ళన్నా వచ్చినాయి గదా!"

పాపిష్టోడు తల వంచుకుని, "గాజులమ్మా, గాజులు!" అంటూ పక్క సందులోకి తిరిగిపోయాడు.