పస్కా పూట దీపు అడిగిన ప్రశ్న

శనివారం పొద్దున్నే కస్తూరి గిన్నె మూత తీసి చూసింది. ఇడ్లీ పిండి బాగా పొంగింది. మర్నాడు ఈస్టరుకు ముందు వచ్చే మట్టల ఆదివారం. జనక్‌పురి తెలుగు క్రైస్తవ సంఘంలో ఆరాధన అయ్యాక టిఫిన్ వంతు ఆమెది.

భర్త ధర్మయ్య సెంట్రల్ గవర్నమెంటులో సెక్షన్ ఆఫీసరు. ఏడాదిగా ఆన్‌లైన్‌లో హీబ్రూ నేర్చుకుంటున్నాడు. యేసు యూదుడిగా పుట్టాడు కాబట్టి ఆయన చేసిన పండుగలే మనమూ చేయాలంటాడు. క్రిస్మస్ బైబిల్లో లేదంటూ ఇంటికి కట్టిన నక్షత్రాన్ని కాళ్ళతో తొక్కి విరిచేశాడు. సంఘానికి రావడం మానేశాడు. ఆ శనివారం సాయంత్రమే యూదుల పస్కా పండుగ.

వంటగదిలోకి వచ్చి గిన్నె చూశాడు. "పస్కాకి ఇంట్లో పులిసింది ఉండకూడదని చెప్పానా లేదా?"

"రేపు యాభై మందికి పెట్టాలండీ. కావాలంటే పక్కింట్లో ఉంచుతాను."

"పారబొయ్."

"పొయ్యను."

అతను గిన్నె లాగాడు. ఆమె వదల్లేదు. జుట్టు పట్టుకుని చెంప మీద కొట్టాడు. గిన్నె గుంజుకుని విసిరేస్తే దాని అంచు ఆమె కనుబొమ్మను చీల్చింది. నేల మీది పిండిలో రక్తం చుక్కలు చుక్కలుగా పడింది. ఆరో తరగతి చదివే కూతురు దీపు గుమ్మంలో నిలబడి అంతా చూసింది.

బెల్ మోగింది. ఎదురింటి ఆంటీ. "సబ్ ఠీక్ హై?" అంతా బాగానే ఉందా అని బయటి నుంచే అడిగింది.

కొంగుతో నుదురు అదుముకుని కస్తూరి తలుపు తీసింది. "నహీ దీదీ" అంది. ఆంటీయే ఆమెను ఆసుపత్రికి తీసుకెళ్ళి కుట్లు వేయించింది.

సాయంత్రం ధర్మయ్య తనే పులియని రొట్టెలు కాల్చి, చేదు ఆకులు కడిగి బల్ల సర్దాడు. కూతురి కోసం కస్తూరి కూడా వచ్చి కూర్చుంది. ఆచారం ప్రకారం ఇంట్లో చిన్నవాళ్ళు ప్రశ్న అడగాలి, పెద్దవాళ్ళు జవాబు చెప్పాలి. ఈ రాత్రి ఎందుకు ప్రత్యేకమని హీబ్రూలో అడగడం దీపుకు అతనే నేర్పాడు.

"అడుగమ్మా."

దీపు తల్లి కట్టు వైపు చూసింది. "పాపా, మమ్మీ కో క్యోఁ మారా?" అమ్మను ఎందుకు కొట్టారని హిందీలో అడిగింది.

"అది కాదమ్మా, నేర్పించింది అడుగు."

"మీరే కదా చెప్పారు, అడిగితే చెప్పాలని. దేవుడు కొట్టమన్నాడా?"

ధర్మయ్య చేతిలోని హీబ్రూ పుస్తకం మూసేశాడు.

"లేదమ్మా" అన్నాడు. "నా మాట కాదందని కొట్టాను."

కస్తూరి నెమ్మదిగా అంది. "రేపు నేనూ పిల్లా సంఘానికి వెళ్తాం. ఇంకోసారి చెయ్యి లేస్తే మాత్రం ఈ ఇంటికి తిరిగి రాం."

"నేనూ వస్తాను. చేసింది అందరి ముందూ ఒప్పుకుంటాను."

"వాళ్ళకెందుకు? దెబ్బ తిన్నది నేను."

అతను ఆమె వైపు తిరిగాడు. "తప్పు చేశాను కస్తూరీ. క్షమించు."

"ఇంకా నొప్పిగానే ఉందండీ" అందామె.

ధర్మయ్య రెండు చేతుల్లో ముఖం దాచుకుని ఏడ్చాడు. దీపు లేచి వెళ్ళి అమ్మను ఆనుకుని కూర్చుంది. చాలాసేపటికి కస్తూరి రొట్టె తుంచి కూతురి చేతిలో పెట్టింది. మరో ముక్క తుంచి, అతని ముందు పెట్టింది.