మెడలో చక్కెర దండ

"ఊకె నవ్వకు. జర మెడ వంచు," అంది నవీన.

శ్రీహరి వెంటనే వంచాడు. ఆమె అడిగితే తలే ఇచ్చేవాడు, మెడ వంచడం ఎంత పని!

హోలీకి పిల్లల మెడల్లో వేసే చక్కెర పేర్లు, అంటే చక్కెర బిళ్లల దండలు, జమ్మికుంటలో శ్రీహరి దుకాణంలోనే తయారవుతాయి. అవి ఇచ్చే వంకతో పొద్దుటి నుంచి నవీన ఇంటికి రావడం ఇది మూడోసారి. హైదరాబాద్‌లో పరిశోధన చేసే ఆమె పండక్కి ఊరొచ్చింది, సాయంత్రం మళ్లీ రైలెక్కుతుంది. ఈలోగా మనసులో మాట చెప్పాలి. నాలుకేమో తిరగడం లేదు. అందుకే ఇందాక, "నీ రీసెర్చ్ ఏందో చెప్పరాదు?" అన్నాడు.

నవీన ఒక దండ తీసి, అతను వంచిన మెడలో వేసింది.

"ఇప్పుడు నువ్వు క్యాన్సర్ కణానివి."

"ఓ అవ్వా! జర మంచిదేదన్న అనరాదు?"

"ఆగు. ఒంట్ల కాపలా కణాలుంటయ్. చెడ్డ కణం దొరికితే సంపుతయ్. మన కణాలన్నిటి మీద చక్కెర పూత ఉంటది. క్యాన్సర్ కణం గా పూతనే ఇంక దట్టంగ కప్పుకుంటది. కాపలా కణం చూసి, 'మనోడే' అనుకొని ఇడిసిపెడ్తది."

"నేనమ్మే చక్కెరేనా?"

"కాదు, కణమే తయారు చేసుకుంటది. నేను గా పూతను కత్తిరించే మందు ఎతుకుతున్న. పూత పోతే దొంగ దొరుకుతడు."

శ్రీహరి గట్టిగా ఊపిరి పీల్చుకున్నాడు. "నవీనా... నేను గూడ ఒక మాట దాసుకున్న..."

గేటు చప్పుడైంది. నవీన వాళ్ల బాపు అంతయ్య! మరమగ్గాల మోతలో బతికిన మనిషి. ఆయన గుసగుసలాడినా వీధి చివరికి వినిపిస్తుంది.

"కాపలా కణం వచ్చింది," అంది నవీన నవ్వాపుకుంటూ.

అంతలోనే ఆ నవ్వు ఆగిపోయింది. ఆ ఇంట్లో హోలీకి దండ వేసేది చిన్నపిల్లలకు, లేదంటే కాబోయే అల్లుడికి. శ్రీహరికి చూస్తే బారెడు మీసాలు.

"ఎవలేసిండ్రు దండ?" అన్నాడు అంతయ్య.

"నేనే బాపు. మన ఆనవాయితీ మరిసి ఏసిన." నవీన శ్రీహరి వైపు చూసింది. "గని ఇప్పుడు తియ్యబుద్ధి అయితలే."

శ్రీహరికి కాళ్లు నేలమీద లేవు. అంతయ్య మాత్రం దగ్గరికొచ్చి, దండ తీసేశాడు.

"ఇప్పుడు చెప్పు. ఏం పనిమీద వచ్చినవ్?"

శ్రీహరికి ఇక దాచడానికి ఏం మిగిలింది?

"దండలియ్యనీకి కాదు కాకా. నవీనంటే నాకు పాణం. గీ ముచ్చట చెప్పనీకే పొద్దుగాల సంది తిరుగుతున్న."

నవీన ముఖం రంగు చల్లకుండానే ఎర్రబడింది.

అంతయ్య అతన్ని కిందినుంచి మీదికి చూశాడు. దండలోంచి ఒక బిళ్ల విరిచి నోట్లో వేసుకుని నమిలాడు. మిగతా దండను మళ్లీ శ్రీహరి మెడలోనే వేశాడు.

"మనోడే," అని లోపలికి కేకేశాడు. "ఏమేవ్, కొబ్బరి కుడుకలు పట్టుకరా! అల్లుడు వచ్చిండు!"

ఆయన గొంతు కదా, వీధి వీధంతా బయటికొచ్చి చూసింది.