మిషన్ కింద పెట్టనియ్యద్దు

వందనకు ఈ లోకంలో అన్నిటికన్నా పెద్ద భయం ఒక్కటే.

ఎయిర్‌పోర్ట్ స్కానర్ కిరణాలు తన బిడ్డ మీద పడటం.

ఇవాళ మధ్యాహ్నం దాకా అంతే...

ఇప్పుడు కారు ఆళ్లగడ్డ దాటి నంద్యాల వైపు దూసుకుపోతోంది. స్పీడు నూట పది. బయట ఎండ మండిపోతోంది. లోపల ఏసీ చలి.

తొమ్మిది నెలల హర్ష ఏడ్చి ఏడ్చి ఒళ్ళో వాలిపోయాడు. పుట్టుకతోనే వంకర తిరిగిన ఎడమ పాదం. పాదం నుంచి తొడ దాకా సిమెంటు కట్టు.

కట్టు చివర కనబడే ఐదు వేళ్ళూ నీలంగా ఉన్నాయి.

ముట్టుకుంటుంది. చల్లగా తగులుతాయి.

"అన్నా, బిడ్డ వేళ్ళు రంగు మారినాయి."

అజయ్ కుమార్ స్టీరింగ్ వదలకుండా అద్దంలోంచి చూస్తాడు. పిల్లల కాళ్ళు ఉచితంగా బాగుచేయిస్తామనే ట్రస్టు మనిషి. టిక్కెట్లు ఆయనే తీస్తాడు. కారు ఆయనే నడుపుతాడు. ఆరుసార్లు ఆయన వెంటే బెంగళూరు విమానం ఎక్కింది. ఇది ఏడోసారి.

"ఏసీకి అట్లే అయితాయిలే చెల్లెమ్మా. గుడ్డ కప్పు."

గుడ్డ కప్పబోతూ పాదం అడుగు చూస్తుంది.

సిలువ లేదు!

మళ్ళీ చూస్తుంది. కట్టు తిప్పి చూస్తుంది. లేదు.

ఆదివారం చర్చి నుంచి వచ్చాక అత్త హన్నమ్మ ప్రార్థన నూనెలో బొటనవేలు ముంచి, కట్టు అడుగున సిలువ గీసింది.

"కట్టుకు ఏదీ తగలకూడదన్నారు గదత్తా," అని వందన కసురుకుంది.

"దేవుని నూనెకు గూడా డాక్టర్ను అడగల్నా?" అంది హన్నమ్మ.

ఆ నూనె సిమెంటులోకి ఇంకి పసుపుపచ్చ మరక కట్టింది. నిన్న సాయంత్రం దాకా ఉంది. నిన్న సాయంత్రమే ఆళ్లగడ్డలో ట్రస్టు వాళ్ళ గదిలో "కట్టు వదులైంది, కొంచెం బిగిస్తాం" అని బిడ్డను లోపలికి తీసుకుపోయారు. అరగంట. అంతసేపూ వందన బయట బెంచీ మీద కూర్చుంది. పక్కన ప్రణతి అని ఇంకో తల్లి. అహోబిలం పిల్ల. ఆమె కొడుక్కీ అదే కట్టు. మొదటిసారి విమానం ఎక్కబోతోంది. భయంతో వంద ప్రశ్నలు వేసింది. ఆరుసార్లు ఎగిరిన వందన పెద్దదానిలా జవాబులు చెప్పింది.

బిగిస్తే మరక ఎక్కడికి పోతుంది?

ఇది ఆ కట్టు కాదు...

కొత్త కట్టు వేసి, పాతదే అని ఎందుకు చెప్పారు?

ఆరు ప్రయాణాలూ ఒకదాని వెనక ఒకటి గుర్తొస్తాయి. ప్రతిసారీ బయలుదేరే ముందు 'బిగించడం'. దిగగానే ముందు ఆస్పత్రికి కాదు, ఒక ఇంటికి. తలుపు వేసి అక్కడ కట్టు కోసేస్తారు. తర్వాతే డాక్టర్. పోయేటప్పుడు కాలు ఇటుకలా బరువు. వచ్చేటప్పుడు తేలిక.

బిడ్డ కాలికి చుట్టి ఏదో పంపిస్తున్నారు.

దానికి దారిలో ఒక్కటే అడ్డం. స్కానర్.

ఆ అడ్డం ఎవరు తీశారు?

తనే!

మొదటి ప్రయాణం ముందు అజయ్ కుమార్ ఫోన్‌లో వీడియో చూపించాడు. "ఆ కిరణాలు పసిబిడ్డ ఎముకల్లో దిగబడతాయి చెల్లెమ్మా. ఆడోళ్ళయితే ఒంటిమీద గుడ్డ లేనట్టే కనపడతారంట దాంట్లో. రోజూ ఎగిరేటోళ్ళే ఒణుకుతాండారు." ఏడో తరగతితో బడి మానేసిన వందన ప్రతి మాటా నమ్మింది. బిడ్డను స్కానర్‌లో పెట్టకూడదని ఇంగ్లీషులో రాసిన లెటర్ చేతిలో పెట్టాడు. ప్రతి ప్రయాణానికీ కొత్తది ఇస్తాడు.

లెటర్ చూసి కూడా ఒకసారి సెక్యూరిటీ అమ్మాయి కట్టును మిషన్‌లో చూస్తానంది. వందన గొంతు పగిలేలా అరిచింది. లైనంతా ఆమె వైపే నిలబడింది. "నెలకు ఎనిమిదిసార్లు ఎగురుతాను. నాకే ఆ మిషన్ అంటే భయం. పసిబిడ్డను వదిలేయండి," అన్నాడు ల్యాప్‌టాప్ బ్యాగు పెద్దమనిషి ఒకడు.

అజయ్ కుమార్ వెనక నిలబడి ఫోన్ చూసుకున్నాడు.

హర్ష మూలుగుతాడు. వేళ్ళు ఇంకా నల్లబడుతున్నాయి.

కట్టు ఇప్పుడే తీయాలి. కారు ఆపమంటే ఆపుతాడా? గేరు పక్కన కట్టు కోసే కత్తెర కనబడుతోంది. జానెడు పొడవు. పదునైన మూతి.

వందన బ్యాగులో చెయ్యి పెడుతుంది. లెటర్ తీస్తుంది. మడిచి జాకెట్లో దోపుకుంటుంది.

"అన్నా... లెటర్ మర్చిపోయినా."

కారు ఒక్క కుదుపు కుదిపి నెమ్మదిస్తుంది.

"ఏందీ?"

"బైబిల్లో పెట్టినా. ఆడనే ఉండిపాయె."

ఈసారి చెల్లెమ్మా అనలేదు.

"లెటర్ లేకుంటే మిషన్ కింద పెడతారు. తెలుసా నీకు?"

"అందుకే చెప్తాండా, అన్నా."

నంద్యాల. నూనెపల్లె సెంటర్. జెరాక్స్ షాపు ముందు కారు ఆగుతుంది. ఏసీ కోసం ఇంజన్ ఆపకుండా దిగుతాడు. కత్తెర జేబులో పెట్టుకుని దిగుతాడు. ఫోన్‌లో ఉన్న లెటర్‌ను షాపువాడికి చూపిస్తూ వెనక్కి ఒకసారి చూస్తాడు.

వందన నవ్వుతుంది.

అతను అటు తిరుగుతాడు.

తలుపు తీసి, బిడ్డతో పరుగు!

చెప్పు ఒకటి ఊడిపోతుంది. రోడ్డు కాలుతోంది. ఎదురుగా ఆటో. ముసలి డ్రైవర్ పరంజ్యోతి బీడీ పారేస్తాడు.

"యాడికి తల్లీ?"

"ఎముకల డాక్టర్ కాడికి. బేగా పోనీ అప్పా."

"బేగా పోయేకి ఇది ఇమానం గాదు."

"ఇమానం వద్దప్పా. పోనీ."

అతను ఆమె ముఖం చూస్తాడు. బిడ్డ వేళ్ళు చూస్తాడు. ఆటో స్టార్ట్ చేస్తాడు.

అద్దంలో అజయ్ కుమార్ తెల్లకారు పెద్దదవుతోంది. వంద అడుగులు... యాభై... పరంజ్యోతి రైస్ మిల్లు సందులోకి తిప్పుతాడు. బస్తాలు దించుతున్న లారీకీ గోడకీ మధ్య ఆటో గీసుకుంటూ బయటపడుతుంది.

కారు ఆ సందులో పట్టలేదు. వెనక హారన్... హారన్... హారన్.

తర్వాత హారన్ ఆగిపోయింది.

వందనకు అప్పుడే ఎక్కువ భయమేసింది.

క్లినిక్‌లో డాక్టర్ భోజనానికి వెళ్ళాడు. వందన ఆడబిడ్డ లూదియా పనిచేసేది ఇక్కడే, ఎక్స్‌రే గదిలో. ఎయిర్‌పోర్ట్ మిషన్‌తో ప్రమాదం లేదని ఆరు నెలలుగా చెప్పీ చెప్పీ విసిగిపోయిన మనిషి.

"లైనంతా ఆపి గొడవ చేసినదానివి. నా మిషన్‌కు తెచ్చినావా బిడ్డను?"

"పెట్టు వదినా. మిషన్ కింద పెట్టు."

ఆ గొంతు విని లూదియా వెటకారం ఆగిపోతుంది.

క్లిక్.

తెర మీద కాలు. తెల్లటి చిన్న ఎముకలు. వాటి చుట్టూ వరసలు వరసలుగా... చిక్కుడు గింజల్లాంటివి. వందల్లో.

"ఇవి ఎముకలు గావు," అంటుంది లూదియా మెల్లగా. పాదం దగ్గర వేలు పెడుతుంది. "వంకర గూడా మొదటి రోజు మాదిరే ఉండాది. వీనికి వైద్యమే చెయ్యలేదు మే."

వందన బిడ్డ కాలు ఎత్తి లూదియా ముందు పెడుతుంది.

ముందు గదిలో షట్టర్ దించిన చప్పుడు. పరంజ్యోతి అరుస్తాడు. "తెల్లకారు వస్తాండాది తల్లీ!"

లూదియా కట్టు కోసే రంపం ఆన్ చేస్తుంది. సిమెంటు దుమ్ము. హర్ష కెవ్వుమంటాడు. కట్టు రెండుగా విడిపోతుంది. ప్లాస్టిక్ చుట్టిన గోళీలు నేలంతా దొర్లుతాయి. ఒకటి చిట్లి తెల్లటి మత్తుపొడి రాలుతుంది.

వేళ్ళు నీలం... తెలుపు... నిమిషం. రెండు నిమిషాలు.

గులాబీ రంగు!

"ఇంకొక గంటయితే వేళ్ళు పోయేటివి," అంటుంది లూదియా.

షట్టర్ మీద రెండు దెబ్బలు. నెమ్మదిగా.

"చెల్లెమ్మా..."

ఇనుము మీద కత్తెర మూతి గీసుకుంటూ పోయిన చప్పుడు. ఈ చివర నుంచి ఆ చివరకు.

"సర్లే. నువ్వుండు."

కారు కదిలిపోతుంది. పరంజ్యోతి కిటికీ సందులోంచి చూస్తాడు. "ఓర్వకల్లు రోడ్డు పట్టినాడు. ఎయిర్‌పోర్ట్‌కే."

సరుకు ఇక్కడుంటే ఎయిర్‌పోర్ట్‌కి ఎందుకు?

వందన జాకెట్లోంచి లెటర్ తీసి ఇస్తుంది. లూదియా చదువుతుంది. మళ్ళీ చదువుతుంది.

"ఇది ఎప్పుడన్నా ఎవురితోనన్నా చదివించుకున్నావా?"

"ఇంగ్లీషు గదా వదినా. ఎప్పుడూ అదే అనుకున్యా."

"దీంట్లో ఇద్దరు పిల్లోళ్ళని రాసిండాది. ఒకడు హర్ష. ఇంకొకడు శ్రీవిష్ణు. తల్లి ప్రణతి. ఇదే విమానం. రెండు కాపీల్లో ఇది రెండోది."

ప్రణతి పదకొండు గంటలకే ఇంకో కారులో వెళ్ళిపోయింది. మొదటి కాపీతో.

వందన ఫోన్ చేస్తుంది. స్విచ్ఛాఫ్. మళ్ళీ. స్విచ్ఛాఫ్. లూదియా 112కి చేసి అంతా చెబుతుంది. అవతల పోలీసులు వివరాలు రాసుకుంటున్నారు. గోడ గడియారంలో మూడు కావస్తోంది. విమానం నాలుగూ నలభైకి.

ఆ బిడ్డ కట్టు మీద ఎవరూ నూనె సిలువ గీయలేదు. ప్రణతికి ఏ అనుమానమూ రాదు. సెక్యూరిటీ వాళ్ళు అడిగినా బిడ్డను ఇవ్వదు.

ఎందుకంటే నిన్న బెంచీ మీద వందనే ఆమె చెయ్యి పట్టుకుని నేర్పింది.

"ఎవురేం చెప్పినా బిడ్డను మిషన్ కింద పెట్టనియ్యద్దు. అరువు. లైనంతా నీ పక్కే ఉంటాది."

ప్రణతి బుద్ధిగా తల ఊపింది.

మీరు ఇప్పుడు ఆ లైన్లో నిలబడి ఉంటే... ఆకుపచ్చ చీర, ఇరవై ఏళ్ళ పిల్ల, ఒళ్ళో ఎడమ కాలికి కట్టున్న మగబిడ్డ. బిడ్డను ఇవ్వనని అరుస్తూ ఉంటుంది. దయచేసి ఆమె తరఫున మాట్లాడకండి.

దగ్గరికి వెళ్ళండి. ఒక్కసారి ఆ బిడ్డ కాలి వేళ్ళు ఏ రంగులో ఉన్నాయో చూడండి.