పడ్డాక వినిపించిన మాట

“మా నాన్న నన్ను కింద పడేశాక, ‘నేను పట్టుకున్నాగా, పడవులే’ అంటున్నాడు. ఇదేనా మీరు చేసిన పని?”

కూతురు పెన్‌డ్రైవ్‌ను బల్ల మీద టక్కున కొట్టేసరికి అమ్మ గుండె గుభేలుమంది. అంత చిన్న వస్తువును అలా కొడితే లోపలున్న మనిషి ఏమైపోవాలి?

బల్లకు అవతల ఉన్నవాణ్ణి ఆ వీధిలో అందరూ క్యాసెట్ల అబ్బాయి అంటారు. పాత వీడియో క్యాసెట్లను కంప్యూటర్‌లోకి ఎక్కించి ఇవ్వడం అతని పని. అతను హెడ్‌ఫోన్లను ఒక చెవి మీంచి పక్కకు తోసి, “కూర్చోండి మేడమ్. ఎవరు పడ్డారు?” అన్నాడు.

“నేను. అయిదేళ్ళప్పుడు.”

“దెబ్బ తగిలిందా?”

“అప్పుడు తగల్లేదు. నిన్న మీ వీడియో చూశాక తగిలింది.”

అమ్మ కూతురి మోచేయి గిల్లింది. ఎదుటివాడి చేతిలో మన టేపు ఉండగా పోట్లాట పెట్టుకుంటారా ఎవరైనా? కోపమొచ్చి విరిచేస్తే?

ఇంటాయన పోయి చాలా ఏళ్ళయింది. ఫొటోలు బోలెడున్నాయి గానీ ఆయన గొంతు ఉన్నది ఆ ఒక్క టేపులోనే. ఏదో సెలవు రోజున గంటసేపు తీసింది. కెమెరా పట్టుకున్నది అమ్మే గనుక సగంసేపు ఆయనకు తల ఉండదు. చివర్లో మాత్రం తల ఉంది. పిల్లకు సైకిల్ నేర్పుతుంటాడు.

క్యాసెట్ల అబ్బాయి పెన్‌డ్రైవ్ పెట్టి చూశాడు. మొదట్లో పెదవీ మాటా చక్కగా కలిశాయి. చివరికి జరిపాడు. పిల్ల సైకిలుతో సహా దభీమని పడింది. అంతా అయిపోయాక ఆయన గొంతు తీరిగ్గా, “నేను పట్టుకున్నాగా, పడవులే అమ్మలూ” అంది. దాని వెనకే అమ్మ కేక, “అయ్యో!”

అతనికి నవ్వొచ్చింది. దాన్ని దగ్గుగా మార్చాలని చూశాడు, కుదరలేదు.

“నవ్వండి, నవ్వండి. మా నాన్న అబద్ధాలకోరులా కనిపిస్తున్నాడు మరి.”

“సారీ అండీ. చూడండి, మొదట్లో బాగానే ఉంది, పోనుపోను మాట వెనకబడి, బొమ్మతో సింక్ తప్పుతోంది. మొత్తం ఒకేలా వెనకబడితే కాస్త ముందుకు జరిపేవాణ్ణి. ఇప్పుడలా జరిపితే మొదట్లో మీ నాన్నగారు నోరు తెరవకముందే మాట్లాడేస్తారు.”

“జబ్బు ముదురుతోందన్నమాట,” అంది అమ్మ బెంగగా.

“జబ్బు టేపుదో నా మెషీన్‌దో తెలియాలి ఆంటీ. టేపుకి అక్కడక్కడ బూజుంది. అలాంటిచోట కంప్యూటర్ కొన్ని బొమ్మల్ని వదిలేస్తుంది, మాట మాత్రం ఆగకుండా సాగిపోతుంది. ఇంకోసారి వేసి చూస్తే...”

“వద్దు! తెగితే?”

అమ్మ క్యాసెట్ లాక్కుని సంచిలో వేసుకుని, సంచిని పొట్టకు అదుముకుంది. ఏ జబ్బో తేలేదాకా టేపు బయటకు రాదని అక్కడే చెప్పేసింది.

మర్నాడు తల్లీకూతుళ్ళు వెళ్ళేసరికి అతను అద్దాల గదిలో హెడ్‌ఫోన్లు పెట్టుకుని పనిలో ఉన్నాడు. వీళ్ళను చూసి ఏదో గొణుక్కున్నాడు. అమ్మకు ఒక్క ముక్కా వినపడలేదు. కూతురు మాత్రం తలుపు తోసుకుంటూనే, “రాక్షసి కాదండీ, టీచర్ని,” అంది.

అతని ముఖంలో నెత్తురు చుక్క లేదు. “మీకు... వినపడిందా?”

“వినపడని పిల్లలకి మాటలు నేర్పుతాను నేను. అవతలివాళ్ళ పెదవులు చూస్తే చాలు నాకు. ప, బ, మ అన్నప్పుడు కలుస్తాయి చూడండి, ఆ అక్షరాలతోనే మొదలుపెడతాం.”

“అయితే మీ ముందు మనసులో కూడా పెదవి కదపకూడదన్నమాట.”

“రాక్షసి తర్వాత ఇంకో మాట కూడా అన్నారు. అది చెప్పమంటారా?”

“వద్దండీ, మీకు దణ్ణం పెడతాను.”

ఆ ఇంకో మాటేమిటని అమ్మ సాయంత్రం దాకా అడిగింది. కూతురు చెప్పలేదు. నవ్వింది. అమ్మకు భయమేసింది.

ఇక అతను చెప్పిన ఉపాయం ఇది. కొత్త టేపు మీద ఎవరైనా గంటసేపు మాట్లాడాలి. మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి చప్పట్లు కొట్టాలి. దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కిస్తే, చివరి చప్పట్లు చేతులు కలిసినప్పుడే వినిపించాలి. కొత్త టేపులోనూ ఆలస్యంగా వినిపిస్తే తప్పు మెషీన్‌ది.

“గంటసేపు మాట్లాడేవాళ్ళెక్కడ దొరుకుతారో,” అని అతను కూతురి వైపు చూశాడు.

“నన్నేగా అంటున్నారు?”

“ఆంటీ తప్ప చీమ కూడా లేదండీ గదిలో, ఇంకెవర్నంటాను?”

అమ్మ కూడా గదిలోనే కూర్చుంది. అయితే కూతురు కుర్చీ జరిపినప్పుడల్లా “అయ్యో, జాగ్రత్త” అనడం, దీపం మిణుకుమంటే “షాకు కొడుతుందేమో” అనడం టేపులోకి ఎక్కుతున్నాయని ఆమెను బయటి గదిలోకి పంపేశారు. తలుపు సందులోంచి చూస్తే, ఆ కుర్రాడు కెమెరా వెనక నిలబడి తన పిల్ల పెదవుల వంకే కన్నార్పకుండా చూస్తున్నాడు. సింక్ కోసమేలే అని అమ్మ తనకు తాను సర్దిచెప్పుకుంది. పిల్ల చప్పట్లు కొట్టింది. అతను కెమెరా ఆపాడు. అయినా చూడ్డం ఆపలేదు. సింక్ కోసం కాదేమోనని అప్పుడు అనుమానమొచ్చింది.

ఆ టేపును ఎక్కించి చూస్తే చివరి చప్పట్లు ఆలస్యంగానే వినిపించాయి. “దొరికింది!” అంటూ అతను అక్కడికక్కడే ఆపేశాడు. “తప్పు నాదే. బొమ్మ, టేపుకీ కంప్యూటర్‌కీ మధ్యనున్న ఈ డబ్బాలోంచి వస్తోంది, మాటేమో వేరే తీగలోంచి నేరుగా కంప్యూటర్‌లోకి పోతోంది. రెండింటికీ రెండు గడియారాలు. ఒకటి కాస్త వడిగా నడుస్తుంది. గంటయ్యేసరికి ఆ తేడా ఇంతవుతుంది.”

“ఒకే గడియారం మీద నడిపించలేరా?” అంది కూతురు.

“అదే చేస్తున్నా.” మాట తీగను కూడా ఆ డబ్బాకే తగిలించి టేపును మొదటి నుంచి వేశాడు. “ఆంటీ, చివర్లో చప్పట్లు ఒక్కటి చూడండి. మేం పక్కనే టీ తాగి వస్తాం.”

మేం అట! అమ్మ ఆ మాటను మింగలేక, కక్కలేక కళ్ళు పెద్దవి చేసుకుని కూర్చుంది.

చప్పట్లొచ్చాయి. చేతులు కలవడం, టప్‌మనడం ఒక్కసారే. హమ్మయ్య అనుకుంది. ఆపేద్దామా అంటే ఏ మీట నొక్కితే ఏం పేలుతుందోనని చేతులు ఒళ్ళో పెట్టుకుంది. టేపు నడుస్తూనే ఉంది. ఆ పాత కెమెరా మీటను గట్టిగా నొక్కితే గానీ ఆగదు కాబోలు, కుర్రాడు ఆపాననుకున్నాడంతే.

“ఆపేశాను,” అంటోంది తెరలో అతని గొంతు. “ఇప్పుడు కెమెరా లేకుండా ఒక మాట. మీ టేపు బాగైపోతే మీరిక రారు కదా?”

“రావాలంటే ఏం పాడుచేసుకు రమ్మంటారు?” అంది కూతురు. ఆ పిల్ల అలా నవ్వడం అమ్మ ఎప్పుడూ చూడలేదు.

“నిజంగా అడుగుతున్నాను. నన్ను చేసుకుంటారా?”

కూతురు నవ్వు ఆపింది. “మీరంటే నాకిష్టమే. రాక్షసి తర్వాత ‘ఎంత బావుందో’ అన్నారు చూడండి, అప్పట్నుంచే. కానీ అమ్మతో చెప్పలేను. అమ్మ భయపడుతుంది. భయపడి అరుస్తుంది. అరిచిందంటే నేనక్కడే ఆగిపోతాను.”

అమ్మ తెరకు దగ్గరగా జరిగింది. ‘అమ్మ’ అన్న ప్రతిసారీ పిల్ల పెదవులు ఎక్కడ కలవాలో అక్కడే కలిశాయి. సింక్‌లో వంక పెట్టడానికి ఏమీ లేదు.

టీ తాగి వచ్చినవాళ్ళకు ఆమె సంచి విప్పి క్యాసెట్ ఇచ్చింది. మాట్లాడలేదు. మాట్లాడితే కేక వస్తుందేమోనని భయం.

అతను టేపుకు పట్టిన బూజును మెల్లగా తుడిచి వేశాడు. గంటసేపు ముగ్గురూ గట్టిగా ఊపిరి కూడా పీల్చలేదు. చివరికి సైకిల్ వచ్చింది. ఆయన సీటు వెనక పట్టుకుని పరిగెడుతున్నాడు. “నేను పట్టుకున్నాగా, పడవులే అమ్మలూ!” పెదవీ మాటా ఒక్కటే. నిజంగానే పట్టుకుని ఉన్నాడు.

అప్పుడు వినిపించింది, “అయ్యో!”

పిల్ల ఉలిక్కిపడి కెమెరా వైపు తిరిగింది. హ్యాండిల్ వంకరపోయింది. దభీమని పడింది.

“మళ్ళీ వెయ్యి బాబూ,” అంది అమ్మ.

మళ్ళీ వేశాడు. మళ్ళీ కేక ముందు, పడడం తర్వాత.

“అమ్మా!” కూతురు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. “నేను పడ్డానని నువ్వు అరవలేదే. నువ్వు అరిచావని నేను పడ్డాను!”

“ఇన్నేళ్ళూ ఆయన్నే తిట్టాను,” అంది అమ్మ. “పిల్లను పట్టుకోవడం చేతకాదన్నాను. పాపం, ఒక్కసారి కూడా ఎదురు చెప్పలేదు.” అంటూ నవ్వింది, కొంగుతో కళ్ళు తుడుచుకుంది, మళ్ళీ నవ్వింది. ఆ పరుగులో ఆయన ముఖం ఎంత వెలిగిపోతోందో ఇన్నాళ్ళకు కనపడింది.

తర్వాత కుర్రాడి వైపు తిరిగింది.

“చప్పట్ల తర్వాత కూడా మాట సరిగ్గానే కలిసింది బాబూ.”

“చప్పట్ల తర్వాత... ఏముందండీ?”

“చాలా ఉంది. నీ కెమెరా ఆగలేదు.”

అతని చేతిలోని తీగ జారి కింద పడింది. కూతురు చెవుల దాకా ఎర్రబడింది. “అమ్మా, అది... నువ్వేమీ...”

“అరవనులే. అరిస్తే ఏమవుతుందో ఇప్పుడే రెండుసార్లు చూశాను.” అమ్మ గొంతు సవరించుకుంది. “మీ అమ్మగారితో మాట్లాడాలి. ఆవిడెలాంటి మనిషి? ఉన్నదున్నట్టు చెప్పు.”

“మంచిదేనండీ. కాకపోతే కొంచెం...” అతను బుర్ర గోక్కున్నాడు. “నేను బస్సెక్కితే దిగేదాకా ఫోన్లు చేస్తూనే ఉంటుంది. డ్రైవరు మెలకువగా ఉన్నాడా, వెళ్ళి చూసిరా అంటుంది.”

“చూసొస్తావా మరి?”

“చూసొస్తానండీ.”

అమ్మ ముఖం విప్పారింది. ఇన్నాళ్ళకు తన బాధ తెలిసిన మనిషి ఒకరు దొరికారు.

“నంబరివ్వు, ఇప్పుడే చేస్తాను. చీకటి పడ్డాక కొత్త నంబరు నుంచి ఫోనొస్తే ఏం మునిగిందోనని హడలిపోతారావిడ.”